టోపీ మార్చే మాట

నైట్ డ్యూటీ దిగి, ద్వారకా నగర్‌లో మూడంతస్తులెక్కి
కళ్ళు నలుపుకుంటూ కూర్చునేసరికి
సునయన మేడమ్ బోర్డు మీద బొమ్మ గీస్తోంది.
ఒక కాడ. దాని మీద గొడుగు.
"డేర్ పిల్ట్స్."
అందరం అన్నాం.
నా నోట్లో అది ఎవరినో పిలవబోయి
మధ్యలో పళ్ళు కరుచుకున్నట్టుంది.

పుట్టగొడుగు అనడానికి ఎంత తీరిక కావాలి!
పుట్ట ఒకటి, గొడుగు ఒకటి,
నడుమ చెదలూ పామూ ఉరుమూ.
దీంట్లో వాన చుక్కైనా లేదు.
ఉమ్మేసిన సీతాఫలం గింజ.

మన మాటకి తోక మారుతుంది, అంది మేడమ్,
పుట్టగొడుగుని, పుట్టగొడుగుకి, పుట్టగొడుగుతో.
వాళ్ళ మాటకి టోపీ మారుతుంది.
ఊరికే ఉంటే డేర్.
తింటే డెన్.
దాని పక్కన నిలబడితే డేమ్.

టోపీ అనగానే వెనక బెంచీలో సువార్త నవ్వింది.
తొంభై వేలకి తనకి టోపీ పెట్టిన కన్సల్టెన్సీ
ఈ వీధిలోనే ఉండేది, కింద జ్యూస్ కొట్టు పక్కన.
"వాళ్ళ పక్కనా నిలబడ్డాను మేడమ్, డేమ్ అనాలా?"

పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయనే మాట
వాళ్ళకీ ఉందట, అచ్చం మనలాగే.
అక్కడా నాలుగు చినుకులు పడితే
నేల ఊరుకోదన్నమాట.

ఆ రాత్రి కేజీహెచ్ చర్మం వార్డులో
మైలపల్లి గురయ్య కాళ్ళు చాపాడు.
హార్బర్‌లో ఐసు మోసే కాళ్ళు.
వేళ్ళ సందుల్లో తెల్లగా, నానిన అటుకుల్లా.
పుస్తకం వెనక వెతికాను, దీనికీ అదే మాట:
ఫూస్‌పిల్ట్స్. కాలి పుట్టగొడుగు.
మందు రాస్తూ లోపల్లోపల అనుకుంటున్నాను.
"ఏటమ్మా గొణుగుతున్నావు, మంత్రమేటి?"
"నీ రోగం పేరు, జర్మనీలో."
గురయ్య కాళ్ళకేసి చూసుకున్నాడు.
"అక్కడికీ ఎల్లిపోనాదా ఇది, నాకన్నా ముందు!"

అదృష్టవంతుణ్ణి గ్లుక్స్‌పిల్ట్స్ అంటారట,
అదృష్టపు పుట్టగొడుగు.
ఎందుకో మేడమ్‌కీ తెలీదు.
ఎవరూ నాటకుండా, నీళ్ళు పొయ్యకుండా
తెల్లారేసరికి లేచి నిలబడతాడనేమో.

నన్ను ఆపేసింది మాత్రం ఆ డేర్.
అది మగ గుర్తు. అక్కడ పుట్టగొడుగు అతడు.
పుట్టగొడుగు వచ్చాడు. పుట్టగొడుగు ఉడికాడు.
నవ్వొచ్చింది. కాసేపటికి రాలేదు.
నా భాషలో, వాన వచ్చింది,
కంచరపాలెం బస్సు వచ్చింది,
పుట్టగొడుగు వచ్చింది, సువార్త వచ్చింది,
"నర్సు వచ్చింది లేవండి" అంటాడు వార్డు బాయ్.
ఇన్నేళ్ళూ ఒకే క్రియ కింద
తడవకుండా నిలబడ్డాం అందరం.
దీనికి కోప్పడాలో, ఇంకాస్త దగ్గరగా జరగాలో
తెలీలేదు.

అక్కడైతే నాకు డీ.
వాడొక్కడే అయితే డేర్,
నలుగురైతే డీ పిల్ట్సె,
గుంపులో కలిస్తే వాడూ నా టోపీలోకే వస్తాడు.
ఈ సంగతి పరీక్షలో అడగరు.

ఆదివారం సీతమ్మధార రైతు బజార్ బయట
పాంగి సొన్నాయి అడ్డాకుల్లో కుప్పలు పెట్టింది,
మన్ను ఇంకా అంటుకునే ఉన్నవి,
అరకు దాటి కొండ దిగి, రైల్లో ఆమె ఒళ్ళో కూర్చుని వచ్చినవి.
వేలు పెట్టి చూపించి, "డేర్ పిల్ట్స్" అన్నాను.
"మా కొండ మీద చతు" అంది, నన్ను దిద్దుతున్నట్టు.
"పేర్లు తర్వాత సెప్పుకుందాం, బేగి తీసుకో,
ఎండకి నల్లబడిపోద్ది."
రెండు కుప్పలు తీసుకున్నాను. చిల్లర లేదంటే
మూడోది చేతిలో పెట్టింది.

గదిలో ఉల్లిపాయ వేగాక వేశాను.
తింటే డెన్, తింటే డెన్.
బాణలిలో నీళ్ళు వదిలింది.
వదిలాడు.
మూత పెట్టి, మంట తగ్గించి
పక్కన నిలబడ్డాను.